భాషాశాస్త్రం, న్యాయశాస్త్రం – విదేశీ వినిమయ అధ్యయనం: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
భాషాశాస్త్రాన్నీ న్యాయశాస్త్రాన్నీ కలిపి చదివే అవకాశం ఐరోపా విశ్వవిద్యాలయాల్లో కొన్ని దశాబ్దాలుగా ఉంది. విద్యార్థి వినిమయ పథకాల ద్వారా అక్కడికి వెళ్ళేవారు ఏ వ్యాజ్యాలను పాఠాలుగా చదువుతున్నారు, అవి ఏ పద్ధతిని అందిస్తున్నాయి, ఆ పద్ధతి తెలుగు వాంగ్మూలానికి ఎంతవరకు వర్తిస్తుంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంగ్ల వాంగ్మూలాల నుంచి రాబట్టిన సూచికలు తెలుగుకు యథాతథంగా చెల్లవనీ, తెలుగు వ్యాకరణం ఆధారంగానే కొత్త సూచికలను ఏర్పరచుకోవాలనీ ఇందులో ప్రతిపాదన.

కీలకపదాలు: న్యాయ భాషాశాస్త్రం, వాంగ్మూలం, విద్యార్థి వినిమయం, అనువాదం, క్త్వార్థకం, మనం–మేము భేదం.

1. ఉపోద్ఘాతం

ఐరోపాలో ఒక దేశపు విద్యార్థి మరొక దేశపు విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివే వీలు కల్పించిన ఎరాస్మస్ పథకం 1987లో మొదలైంది. 2004 నుంచి ఎరాస్మస్ ముండస్ ద్వారా భారతీయ విద్యార్థులకూ ఆ ద్వారం తెరుచుకుంది. ఇలా వెళ్ళినవారు భాషాశాస్త్ర శాఖలో ఒక పాఠ్యాంశం, న్యాయశాస్త్ర శాఖలో మరొక పాఠ్యాంశం తీసుకొని రెండింటినీ జోడించుకోవచ్చు. భాషాశాస్త్రం ఒక విశ్వవిద్యాలయంలోనూ న్యాయశాస్త్రం వేరొక కళాశాలలోనూ బోధించడానికి అలవాటుపడిన మన విద్యావ్యవస్థ నుంచి వెళ్ళినవారికి ఇది కొత్త అనుభవం.

అయితే ఆ జోడింపు వల్ల ఏం లభిస్తుందన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం ఉపాధికి సంబంధించింది మాత్రమే. అంతకంటె మౌలికమైన ప్రయోజనం ఒకటి ఉంది. చట్టాన్ని మాతృభాషలో చదివేవారికి అందులోని భాష కంటికి ఆనదు. పరాయి భాషలో చదివేవారికి ప్రతి పదమూ అడ్డుపడుతుంది. ఆ అడ్డంకే చట్టం భాషతో నిర్మితమైనదన్న ఎరుకను కలిగిస్తుంది. న్యాయ భాషాశాస్త్రం ఆరంభమే దీనికి నిదర్శనం.

2. పరాయి పాఠకుడి చూపు: ఇవాన్స్ వాంగ్మూలాలు

‘ఫోరెన్సిక్ లింగ్విస్టిక్స్’ అన్న పదబంధాన్ని శీర్షికలో నిలిపిన తొలి పుస్తకం ‘ది ఇవాన్స్ స్టేట్‌మెంట్స్’ 1968లో వెలువడింది. అది వచ్చింది లండన్ నుంచి కాదు, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి. దాని రచయిత యాన్ స్వార్త్విక్ స్వీడిష్ పండితుడు. లండన్‌లో రాండాల్ఫ్ క్వర్క్ నేతృత్వంలో సాగిన ఆంగ్ల వాడుక సర్వేలో పనిచేసి, మాట్లాడే ఆంగ్లానికీ రాసే ఆంగ్లానికీ గల తేడాలను పట్టుకోవడంలో ఆరితేరినవాడు.

ఆయన పరిశీలించినవి తిమోతీ ఇవాన్స్ పోలీసుల ఎదుట ఇచ్చినట్టు నమోదైన వాంగ్మూలాలు. చదువు అంతగా రాని ఇవాన్స్‌ను కూతురి హత్యానేరంపై 1950 మార్చి 9న ఉరితీశారు. అదే ఇంట్లో నివసించిన జాన్ క్రిస్టీ అనేక హత్యలు చేశాడని 1953లో బయటపడింది. 1966లో ఇవాన్స్‌కు మరణానంతర క్షమాభిక్ష లభించింది. నేరాన్ని ఒప్పుకొన్న భాగాల్లోని వాక్యనిర్మాణం మిగిలిన భాగాల వాక్యనిర్మాణంతో సరిపోలడం లేదని స్వార్త్విక్ ఉపవాక్యాలను లెక్కించి చూపాడు. ఆంగ్లేయ న్యాయవాదులు వాంగ్మూలంలో ఏం ఉందని చూశారు. ఆంగ్లాన్ని నేర్చుకొన్న విదేశీయుడు అది ఎలా ఉందని చూశాడు. వినిమయ అధ్యయనం సాధించగల ఉత్తమ ఫలితానికి ఇది నమూనా.

3. బెంట్లీ వ్యాజ్యం: లెక్క, దాని హద్దు

ఈ రంగంలో విద్యార్థులకు తప్పక ఎదురయ్యే రెండో పాఠం డెరెక్ బెంట్లీది. ఒక పోలీసు హత్యలో భాగస్వామి అన్న తీర్పుతో 19 ఏళ్ళ బెంట్లీని 1953 జనవరి 28న ఉరితీశారు. తుపాకి పేల్చిన సహచరుడు మైనరు కావడంతో ఉరి తప్పించుకున్నాడు. బెంట్లీ ఎవరూ ప్రశ్నించకుండానే తనంతట తాను చెప్పుకుపోగా రాసుకున్నామని పోలీసులు సాక్ష్యమిచ్చారు.

మాల్కం కూల్తార్డ్ విశ్లేషణ ‘దెన్’ అన్న చిన్న మాట మీద నడిచింది. 582 మాటల ఆ వాంగ్మూలంలో అది 10 సార్లు వచ్చింది. ఆయన పోల్చి చూసిన మామూలు సాక్షుల వాంగ్మూలాల్లో సుమారు 930 మాటలకు ఒక్కసారే రాగా, పోలీసుల వాంగ్మూలాల్లో 2,270 మాటలకు 29 సార్లు వచ్చింది. పైగా ఆ మాట కర్తృపదం తరువాత రావడం పోలీసు రాతలోని అలవాటు. అంతకుముందు ఎవరూ ప్రస్తావించని విషయాన్ని ‘కాదు’ అని ఖండించే వాక్యాలు కూడా అందులో ఉన్నాయి. అడగని ప్రశ్నకు ఎవరూ కాదనరు. కాబట్టి కథనంగా కనిపిస్తున్నది నిజానికి ప్రశ్నోత్తరాల నుంచి కూర్చినదని ఆయన నిర్ధారణ.

1998 జులై 30న అప్పీలు న్యాయస్థానం బెంట్లీపై శిక్షను రద్దు చేసింది. దీనిని భాషాశాస్త్ర విజయంగా చెప్పడం తరగతి గదుల్లో పరిపాటి. ఈ విషయంలో విమర్శ అవసరం. రద్దుకు ప్రధాన కారణం మొదటి విచారణలో న్యాయమూర్తి జ్యూరీకి చేసిన నిర్దేశంలోని లోపాలే. భాషావేత్త లెక్క న్యాయస్థానపు నిర్ణయానికి తోడు కాగలదే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించలేదు. ఈ హద్దును స్పష్టం చేయని బోధన విద్యార్థిలో అతివిశ్వాసాన్ని పెంచుతుంది.

4. స్టౌడర్ వ్యాజ్యం: ఒక చట్టం, పలు భాషలు

వాంగ్మూలం తరువాత చట్టపాఠం. ఐరోపా చట్టాలు నేడు 24 అధికార భాషల్లో సమాన ప్రామాణ్యంతో వెలువడుతున్నాయి. నాలుగే భాషలున్న 1969లోనే ఇందులోని చిక్కు తేలిపోయింది. పేదసాదలకు చవకగా వెన్న ఇచ్చే నిర్ణయాన్ని జర్మన్ పాఠం ప్రకారం అమలు చేస్తే కూపనుపై లబ్ధిదారు పేరు ఉండాలి. ఫ్రెంచి పాఠం ప్రకారం కూపను ఎవరిదో గుర్తించే వీలుంటే చాలు. జర్మనీలోని ఉల్మ్ నగరవాసి స్టౌడర్, దుకాణదారుకు తన పేరు వెల్లడించవలసిరావడం అవమానమని వాదించాడు. అన్ని పాఠాలనూ పోల్చి, లక్ష్యం నెరవేరుతూనే తక్కువ భారం మోపే అర్థాన్ని గ్రహించాలని న్యాయస్థానం నిర్ణయించింది. భాషాపాఠాల తులన చట్టవ్యాఖ్యానంలో భాగమని 1982 నాటి సిల్ఫిట్ తీర్పు స్థిరపరచింది.

భాషాభేదాన్ని దోషంగా కాక అర్థనిర్ణయ సాధనంగా చూడడం ఇక్కడి పాఠం. రెండు పాఠాలూ కళ్ళముందు ఉంటేనే ఆ తులన సాధ్యం. తెలుగు సాక్షి విషయంలో లోపిస్తున్నది ఇదే.

5. తెలుగు వాంగ్మూలం: పద్ధతి ఎక్కడ ఆగుతుంది?

సాక్ష్యం నమోదు భాషను 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షన్ నిర్దేశించింది. సాక్షి కోర్టు భాషలో చెబితే ఆ భాషలోనే నమోదు చేయాలి. వేరే భాషలో చెప్పినప్పుడు అదే భాషలో రాసుకోవడం వీలుకాకపోతే కోర్టు భాషలోకి సరైన అనువాదం సిద్ధం చేయాలి. సెషన్స్ విచారణలో సాక్ష్యాన్ని సాధారణంగా కథనరూపంలోనే నమోదు చేయాలని 276వ సెక్షన్ చెప్పింది. ప్రశ్నోత్తర రూపం న్యాయమూర్తి విచక్షణకు లోబడినది. బెంట్లీ వ్యాజ్యంలో అనుమానాస్పదమైన రూపమే ఇక్కడ విధివిహితమైన రూపం. కనుక దాగిన ప్రశ్నల జాడ కనిపించినంత మాత్రాన ఇక్కడ అది అక్రమానికి సూచిక కాదు. హైకోర్టు వ్యవహారం రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం ప్రధానంగా ఆంగ్లంలో సాగుతుంది. అప్పీలు నాటికి తెలుగు మాట ఆంగ్ల కథనంగా మారి ఉండవచ్చు. ఆ మార్పులో తెలుగు వ్యాకరణం మోసుకొచ్చే అర్థం ఎంత నిలుస్తుందో నాలుగు అంశాల్లో చూడవచ్చు. ఉదాహరణలు వివరణ కోసం కూర్చినవి.

5.1 క్త్వార్థకం: “ఇంటికి వెళ్ళి, తలుపు తీసి, దీపం వెలిగించి చూశాను” అన్న వాక్యంలో వరుస మొత్తం క్త్వార్థక రూపాల్లోనే ఉంది. దీనిని ఆంగ్లంలోకి మార్చేవారు ‘దెన్’ చేర్చక తప్పని సందర్భాలు అనేకం. అలాంటి అనువాదంపై కూల్తార్డ్ లెక్కను యాంత్రికంగా ప్రయోగిస్తే, తెలుగు వాక్యస్వభావాన్ని పోలీసు కల్పనగా భ్రమపడే ప్రమాదం ఉంది.

5.2 మనం–మేము: “మనం వాడి సంగతి చూద్దాం” అన్న మాటలో వినేవాడు కూడా భాగస్వామి. “మేం వాడి సంగతి చూస్తాం” అంటే వినేవాడు బయటివాడు. ఆంగ్లంలో రెంటికీ ఒకే సర్వనామం. ఉమ్మడి ఉద్దేశం ఉందా లేదా అన్నదానిపై శిక్ష ఆధారపడిన వ్యాజ్యంలో ఈ భేదం ఒక మనిషి నేరస్థుడా కాదా అన్నంత దూరం పోగలదు.

5.3 ‘అట’: “కొట్టాడు”, “కొట్టాడట” అన్న రూపాల మధ్య చూసినదానికీ విన్నదానికీ ఉన్నంత దూరం ఉంది. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదిగా ఉండాలన్నది సాక్ష్య చట్టపు సూత్రం. ఆ సూత్రానికి తెలుగు ఒక ప్రత్యయంలోనే ఆధారం అందిస్తోంది. అనువాదంలో అది జారిపోతే వినికిడి మాట ప్రత్యక్ష సాక్ష్యంగా నిలుస్తుంది.

5.4 గౌరవ బహువచనం: “వచ్చారు, కొట్టారు” అన్నప్పుడు వచ్చినవారు పలువురు కావచ్చు, గౌరవింపదగిన ఒక్కడే కావచ్చు. చట్టవిరుద్ధ సమూహానికి కనీసం అయిదుగురు కావలసిన చోట ఆ సందిగ్ధతను విప్పే ప్రశ్న విచారణలోనే వేయాలి. నమోదు ముగిశాక వేసే వీలుండదు.

జాగరూకుడైన న్యాయవాది ఎదురువిచారణలో వీటిని సరిచేయగలడన్నది నిజమే. కాని ఆ జాగరూకత వ్యక్తిగత ప్రతిభగా మిగలకూడదు, బోధించదగిన శాస్త్రం కావాలి. ఆస్ట్రేలియాలో డయానా ఈడ్స్ చేసినది అటువంటి పనే. ఆదివాసుల ఆంగ్లంలో మౌనం ఒప్పుకోలు కాదనీ, వరుస ప్రశ్నలకు ‘అవును’ అనడం అంగీకారం కాకపోవచ్చనీ ఆమె నిరూపించి, ఆ జ్ఞానాన్ని న్యాయవాదులకు అందించారు. విదేశీ పాఠ్యాంశాల్లో తెలుగు పరిశోధకులకు ఇవాన్స్, బెంట్లీలకంటె ఈ మార్గమే దగ్గరిది.

6. దిశ మారిన పూర్వప్రయాణం

భాషనూ న్యాయాన్నీ కలిపి చదవడానికి సముద్రం దాటడం తెలుగువారికి సంబంధించినంతవరకు కొత్త విషయం కాదు. ప్రయాణ దిశ మాత్రం అప్పట్లో వేరు. 1812లో స్థాపితమైన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఉద్యోగులు దేశభాషలు నేర్చారు. హిందూ ధర్మశాస్త్రాన్ని పరిశీలించిన ఎల్లిస్, ద్రావిడ భాషల స్వతంత్రతను 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో నిరూపించాడు. అక్కడే చదివి న్యాయాధికారిగా పనిచేసిన బ్రౌన్, కచేరీ వ్యవహార పదాలకు 1852లో ‘జిల్లా నిఘంటువు’ కూర్చాడు. అవి పాలకుడు అర్థం చేసుకోవడానికి సాగిన కృషి. సాక్షి మాట చెదరకుండా చేరడానికి కావలసిన కృషి మిగిలే ఉంది.

7. ముగింపు

విదేశీ వినిమయ అధ్యయనం ఇచ్చేది పద్ధతి. సూచికలు ఆయా భాషల సొత్తు. ఇవాన్స్ వాంగ్మూలాల నుంచి నిర్మాణాన్ని లెక్కించడం, బెంట్లీ నుంచి ఆ లెక్కకు గల హద్దు, స్టౌడర్ నుంచి పాఠాల తులన నేర్చుకోవచ్చు. ఆ పద్ధతితో తిరిగి వచ్చినవారికి మూడు పనులున్నాయి. ఒకటి, బహిరంగ న్యాయస్థానాల్లోని తెలుగు సాక్ష్యాలను పేర్లు తొలగించి పాఠనిధిగా సమకూర్చడం. రెండు, తెలుగు సాక్ష్యాన్నీ దాని ఆంగ్ల నమోదునూ పక్కపక్కన నిలిపి తులనచేయడం. మూడు, తెలుగు శాఖలూ న్యాయకళాశాలలూ కలిసి ఒక పాఠ్యాంశాన్ని నడపడం. ‘మనం’ అన్నాడా ‘మేం’ అన్నాడా అన్న ప్రశ్న వ్యాకరణ తరగతికి పరిమితమైనది కాదు. ఆ ప్రశ్న బోనులో నిలబడినవాడి స్వేచ్ఛకు సంబంధించినది. దానికి సమాధానం చెప్పగలిగే శిక్షణ తెలుగు చదివినవారికే ఉంది.