అవసరమైన పొత్తు, అక్కర్లేని పొత్తు

కమ్యూనిస్టు పాలన కూలి ఐదేళ్లు తిరక్కముందే పాత పాలకుల వారసులు ఓట్లతోనే మళ్లీ గద్దెనెక్కారు: పోలండ్‌లో 1993లో, హంగరీలో 1994లో. రెండుచోట్లా సంకీర్ణమే ఏర్పడింది. పోలండ్‌లో పొత్తు లేనిదే ప్రభుత్వం లేదు. హంగరీలో పొత్తు లేకపోయినా నడిచిపోయేది. ఆ తర్వాతి కథలో తేడాకు చాలావరకు మూలం ఇదే.

పోలండ్ 1991 సభలో అతిపెద్ద పార్టీకి 460లో 62 సీట్లే. బీరు ప్రియుల పార్టీకి సైతం 16 దక్కాయి. 1993 మేలో హన్నా సుహోత్స్కా ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 5 శాతం ఓట్లు రాని పార్టీకి సీట్లు లేవన్న కొత్త నిబంధనతో ఎన్నికలు జరిగితే, వామపక్ష ఎస్‌ఎల్‌డీకి 171, రైతుల పార్టీ పీఎస్‌ఎల్‌కు 132 వచ్చాయి. ఓట్ల దామాషాలో పంచిన సీట్లు కాబట్టి గెలుపు ఒక్కరి జేబులో పడలేదు. చిన్న భాగస్వామి గట్టిగానే బేరమాడింది. ప్రధాని పదవి పీఎస్‌ఎల్ నేత వాల్డెమార్ పావ్లాక్‌కు దక్కింది. ప్రైవేటీకరించాల్సిన కంపెనీల జాబితాపై ఆయన సంతకం పెట్టకుండా నెలల తరబడి నాన్చారు. అలకలు, కీచులాటల మధ్య నాలుగేళ్లలో ముగ్గురు ప్రధానులు మారారు.

హంగరీలో సోషలిస్టులకు పార్టీ జాబితాలకు పడిన ఓట్లలో మూడో వంతే వచ్చినా, నియోజకవర్గాల్లో రెండో విడత పోలింగ్‌లో మొదటి స్థానమే చాలన్న పద్ధతి వల్ల 386లో 209 సీట్లు దక్కాయి. అయినా ప్రధాని హోర్న్, కమ్యూనిస్టు పాలనను ఎదిరించిన ఫ్రీ డెమోక్రాట్లను పక్కన చేర్చుకున్నారు. వారి ప్రధాని అభ్యర్థి గాబోర్ కుంట్సె హోంమంత్రి అయ్యారు. ప్రభుత్వం ఒకే ప్రధానితో పూర్తికాలం నడిచింది. మూడింట రెండు వంతులకు మించిన బలమున్నా కూటమి తన చేతులు తానే కట్టుకుంది: కొత్త రాజ్యాంగ రచన విధివిధానాలకు ఐదింట నాలుగు వంతుల ఆమోదం ఉండాలని 1995లో నిబంధన పెట్టింది.

చిన్న పార్టీలు రెండూ తర్వాతి ఎన్నికల్లో దెబ్బతిన్నాయి. పీఎస్‌ఎల్ 27కు, ఫ్రీ డెమోక్రాట్లు 69 నుంచి 24కు పడిపోయారు. కాబట్టి పొత్తు వల్ల ఎవరు బాగుపడ్డారన్నది అసలు కొలత కాదు. పెద్ద పార్టీని ఎవరు ఆపగలిగారన్నదే కొలత. పావ్లాక్ కాదంటే పని ఆగేది. కుంట్సె కాదన్నా హోర్న్ ప్రభుత్వం పడిపోయేది కాదు. హంగరీలో కనిపించిన నిగ్రహం గెలిచినవారి పెద్దమనసు మీదే ఆధారపడింది. 2010లో సుమారు 53 శాతం ఓట్లతో మూడింట రెండు వంతుల సీట్లు గెలిచిన ఫిదెస్ కూటమి ఆ ఐదింట నాలుగు నిబంధనను తీసేసి, మరుసటి ఏడాది కొత్త రాజ్యాంగాన్నే ఆమోదించింది. అదీ పేరుకు సంకీర్ణమే. భాగస్వామి కేడీఎన్‌పీ ఫిదెస్ జాబితాలోనే పోటీ చేసింది.

పోలండ్ వాళ్లు పుట్టుకతో నిగ్రహవంతులనుకోవడం పొరపాటు. 2015లో ఒక్క పార్టీకే 235 సీట్లు రాగానే అక్కడా రాజ్యాంగ న్యాయస్థానం మీద పట్టు బిగించారు. రాజ్యాంగాన్ని తిరగరాయలేకపోయారంటే, అందుకు కావలసిన ఓట్లు సభలో లేకే.