ఆర్ క్యాన్సిల్ అయిపోయింది సార్!

హైదరాబాద్‌లో దమ్మాయిగూడ నుంచి మల్లాపూర్, నాచారం మీదుగా హబ్సిగూడ చేరితే, ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) కనిపిస్తుంది. 1961లో మొదలైన ఈ సంస్థ 1975లో భారతదేశ గురుత్వ పటాలను వెలువరించింది. గురుత్వాన్ని కొలిచే గ్రావిమీటర్‌లో అంకె కాస్త పెరిగితే కింద బరువైన రాయి ఉందని, తగ్గితే తేలికైన పొర ఉందని అంచనా వేస్తారు. అనుమానం ఉంటే బోరు వేసి చూసుకోవచ్చు.

గెలాక్సీలో బోరు వేయలేం. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ తిరిగే వేగాన్ని కొలిచి చూస్తే, అంచుల్లో తగ్గాల్సిన వేగం తగ్గలేదు. కనిపించని పదార్థం, అంటే కృష్ణ పదార్థం, లాగుతోందని ఎక్కువమంది నమ్మారు. 1983లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మోర్డెహాయ్ మిల్‌గ్రోమ్ మాత్రం సూత్రాన్నే శంకించారు. త్వరణం మరీ సన్నగిల్లిన చోట, అంటే మన నేల మీది గురుత్వంలో సుమారు 8 వేల కోట్ల వంతుల్లో ఒక్క వంతుకు పడిపోయిన చోట, న్యూటన్ లెక్క మారుతుందన్నారు.

ఇంటర్ పిల్లలతో ఈ లెక్క చేయించడమంటే నాకు ప్రాణం. న్యూటన్ సమీకరణంలో ఎడమ పక్క త్వరణం, అంటే వేగం వర్గం బై ఆర్. కుడి పక్క జీఎం బై ఆర్ స్క్వేర్. ఇందులో జీ గురుత్వ స్థిరాంకం, ఎం ద్రవ్యరాశి, ఆర్ కేంద్రం నుంచి దూరం. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గాల్సిందే. మిల్‌గ్రోమ్ ఆ త్వరణాన్ని వర్గం చేసి, తన కొత్త స్థిరాంకంతో భాగించారు. ఇప్పుడు రెండు పక్కలా కింద ఆర్ స్క్వేరే! బోర్డు దగ్గరున్న అమ్మాయి సుద్దముక్కతో రెండూ కొట్టేసి, "ఆర్ క్యాన్సిల్ అయిపోయింది సార్!" అంటుంది. దూరమే పోయాక, ఎంత దూరం వెళ్లినా వేగం ఒక్కటే. కనిపించే నక్షత్రాలు, వాయువుల ద్రవ్యరాశి తెలిస్తే చాలు, ఆ వేగం ఎంతో చెప్పేయొచ్చు. ఎన్నో గెలాక్సీల్లో అది సరిపోయింది కూడా.

కనిపించనిదాన్ని వెతకడం, సూత్రాన్నే మార్చడం: చరిత్ర ఈ రెండు దారులనూ గెలిపించింది. యురేనస్ కక్ష్యలోని తడబాటు వెనక 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి తడబాటుకు వెతికిన వల్కన్ గ్రహం మాత్రం దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ న్యూటన్ సూత్రాన్నే మార్చాల్సి వచ్చింది.

ఇప్పటికి నా మొగ్గు కృష్ణ పదార్థం వైపే. గెలాక్సీ గుంపుల దగ్గర మిల్‌గ్రోమ్ లెక్కకూ బరువు చాలడం లేదు. 2006 నాటి బుల్లెట్ క్లస్టర్ పరిశీలనలో, ఢీకొన్న గుంపుల వేడి వాయువు వెనకబడితే, కాంతిని వంచే బరువు గెలాక్సీలతో పాటు ముందుకు సాగిపోయింది. అయితే ఆ పదార్థపు కణాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

గురుత్వాకర్షణ పాఠం చెప్పే లెక్చరర్లకు నా మనవి ఒక్కటే. కృష్ణ పదార్థం పేరు చెప్పి ఊరుకోకండి. ఒక పీరియడ్ కేటాయించి ఆ ఆర్‌ను పిల్లల చేతే కొట్టేయించండి.