హతసాక్షుల గాథలు - శ్రోత మనస్సు

తెలుగు క్రైస్తవులు 'హతసాక్షి' అనే పదానికి మూలమైన గ్రీకు మాటకూ, అరబ్బీ 'షహీద్'కూ సాక్ష్యమన్న అర్థమే ఆధారం. సాక్షి చెప్పవలసింది సత్యం. మరి తొలి క్రైస్తవ గాథల్లో నిప్పూ నెత్తురూ అంత విస్తారంగా ఎందుకు ప్రవహించాయి? వాటిని విని జనం ఏ తృప్తి పొందారు?

క్రీ.శ. 203లో కార్తేజ్ నగరంలో వధింపబడిన పెర్పెటువా వృత్తాంతాన్ని ముందుగా చూడాలి. ఆమెకు సుమారు 22 ఏళ్లు. పాలు తాగే బిడ్డ ఉన్నాడు. చెరసాలలో ఆమె స్వయంగా వ్రాసిందని చెప్పే భాగంలో ఆ బిడ్డ గురించిన దిగులుంది, చీకటికొట్టును చూసి కలిగిన భయముంది, కాళ్లపై పడి బతిమాలిన ముసలితండ్రిపై జాలి ఉంది. చివరకు కత్తి ఎముకకు తగిలినప్పుడు ఆమె కేక వేసింది. వృత్తాంతకారుడు ఆ కేకను దాచలేదు. ఆ రచన బలమంతా అక్కడే ఉంది.

రమారమి 400 నాటికి కథ మారిపోయింది. రోమన్ ప్రభుత్వ హింస ఆగి అప్పటికి రెండు మూడు తరాలు గడిచాయి. లాటిన్ కవి ప్రుడెన్షియస్ కావ్యంలో లారెన్స్ ఇనుపచువ్వల మీద కాలుతూ, ఒకవైపు కాలింది, తిప్పి రుచి చూడమని అధికారిని ఎగతాళి చేస్తాడు. 258 నాటి శిక్షలను బట్టి అతనికి శిరచ్ఛేదమే జరిగి ఉంటుందని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. హింస అబద్ధమని కాదు. 303లో డయొక్లీషియన్ ఆజ్ఞతో ప్రార్థనాలయాలు కూలాయి, ప్రాణాలూ పోయాయి. కాని ఈ కావ్యంలో నొప్పే లేదు. నిస్సహాయుడు ఒక్క మాటతో అధికారిని ఓడించడం శ్రోతకు తీయగా ఉంటుంది. పైగా క్రౌర్యం శత్రువుది, దాన్ని తనివితీరా చూచే వీలు మాత్రం తనది!

ఈ ఆకర్షణ పండితులను కూడా విడువలేదు. వినోద ప్రదర్శనలకు పోరాదని గ్రంథమే వ్రాసిన కార్తేజ్ వాసి టెర్టూలియన్, తీర్పుదినాన హింసకులు మంటల్లో కాలడాన్ని చూడదగిన మహాప్రదర్శనగా ఆ గ్రంథం చివర వర్ణించాడు.

దివ్యఖుర్ఆన్‌లోని సూరా అల్ బురూజ్ అగ్నిగుండం వారిని ప్రస్తావిస్తుంది. పలువురు వ్యాఖ్యాతలు దీనిని నజ్రాన్ క్రైస్తవ విశ్వాసుల సంఘటనతో ముడిపెట్టారు. అక్కడ కాలిన దేహాల వర్ణన లేదు. గుండం అంచున కూర్చుని చూస్తున్నవారి మీదికే దృష్టి మళ్లుతుంది. హజ్రత్ సుమయ్యా (రజి) షహాదత్‌ను సీరా గ్రంథాలు కొద్ది మాటల్లో చెప్పి ఊరుకున్నాయి. నేటి కొందరు వక్తలకు మాత్రం ఆ కొద్ది మాటలు చాలడం లేదు.