‘అటిలా 74’: చూపినదీ, చూపనిదీ

సైప్రస్ ద్వీపం మన గ్రంథాలలోని ఖుబ్రుస్. సహాబియ హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) సమాధి అక్కడి లార్నకా పట్టణం చెంతనే ఉన్నది. ఆ ద్వీపంపై 1974లో జరిగిన దండయాత్రను గూర్చి మైకేల్ కకోయానిస్ తీసిన డాక్యుమెంటరీ చిత్రం ‘అటిలా 74’ (1975). దండెత్తినది తుర్కీ సైన్యం గనుక ఇది ముస్లిం వ్యతిరేక ప్రచారమేనని చూడకుండానే తోసిపుచ్చేవారు మనలో ఉన్నారు. అది న్యాయం కాదు.

కకోయానిస్ సైప్రస్‌లోని లిమసోల్‌లో పుట్టిన గ్రీకు. అయినా స్వజాతి దోషాన్ని దాచలేదు. 1974 జూలై 15న ఏథెన్సు సైనిక ప్రభుత్వం మకారియోస్‌ను కూలద్రోసి, నికోస్ సాంప్సన్‌ను గద్దెనెక్కించింది. ఆ సాంప్సన్‌నే కెమెరా ముందు కూర్చోబెట్టి ప్రశ్నించాడు. చిత్రంలో మెచ్చదగిన ఘట్టం ఇదే.

జూలై 20న తుర్కీ సైన్యం దిగింది. మూడు రోజులకే సాంప్సన్ పడిపోయాడు. అక్కడ ఆగి ఉంటే 1960 నాటి హామీ ఒడంబడికను అడ్డు పెట్టుకోవడానికి కొంత అవకాశం ఉండేది. ఆగస్టు 14న మొదలైన రెండవ దాడికి ఆ సాకు కూడా లేదు. ద్వీపంలో మూడవ వంతుకు పైగా సైన్యం వశమైంది. లక్షన్నరకు మించిన గ్రీకులు ఇల్లూ వాకిలీ విడిచారు. అంకారా దీనికి పెట్టిన పేరు ‘బారిష్ హరెకాతి’, అనగా శాంతి చర్య. అందులోని రెండవ పదం మన ఉర్దూ ‘హర్కత్’కు తోబుట్టువే. ఉర్దూలో దానికి ఆకతాయి పని అనే అర్థం కూడా ఉన్నదని అనువాదకునికి గుర్తురాక మానదు!

గుడారాలలోని శరణార్థుల రోదన ఈ చిత్రానికి ప్రాణం. ఖుబ్రుస్ జయింపబడిననాడు, బందీలు ఒకరినొకరు చూసుకొని ఏడుస్తుండగా, హజ్రత్ అబూ దర్దా (రజి) ఒంటరిగా కూర్చుని కన్నీరు కార్చారని మన చరిత్రకారులు వ్రాశారు. నిన్నటి వరకు అధికారం చెలాయించిన జాతి ఎంత దీనస్థితికి దిగజారిందన్నదే ఆయన దుఃఖం. అది విజేతల పక్షాన ఉన్న మనిషి కన్నీరు.

ఇక లోపం. తుర్కీ సిప్రియట్ల గాథకు ఇందులో దక్కిన చోటు బహు స్వల్పం. 1963 డిసెంబరు అల్లర్ల తర్వాత సుమారు 25,000 మంది తుర్కీలు ఊళ్లు వదలి ఇరుకు వాడలలో ఏళ్ల తరబడి మగ్గారు. ఆ రెండవ దాడి రోజుననే మరాథా, సంతలారిస్, అలోదా గ్రామాలలో గ్రీకు సాయుధులు తుర్కీ స్త్రీలను, పసిపిల్లలను చంపి పూడ్చారు. ఇవి తెలియని ప్రేక్షకునికి సైప్రస్ కష్టాలు 1974లోనే మొదలైనట్లు తోస్తుంది. అయితే ఈ లోపాన్ని చూపి ఆ శరణార్థుల సాక్ష్యాన్ని కొట్టివేయరాదు.

1981లో ఏర్పడిన సంఘం వద్దనున్న తప్పిపోయినవారి పట్టికలో 1,510 మంది గ్రీకులు, 492 మంది తుర్కీలు ఉన్నారు. వారి ఎముకల కోసం రేఖకు ఇరువైపులా త్రవ్వకాలు సాగుతూ వచ్చాయి.