పలక కూర్చునే గాడి

మన ఇళ్ళలో డాడో అంటే వంటింటి గోడకు అతికించే టైల్స్. అమెరికా వడ్రంగులు అదే మాటను గాడికి వాడతారు. చెక్క పీచుకు అడ్డంగా, అడుగు చదునుగా తీసిన గాడి అది. బీరువా పక్కపలకలో ఆ గాడి తీసి, అర చివరను అందులో కూర్చోబెడతారు. స్క్రూల మీద నిలిపిన అరలో బరువంతా ఆ కాసిని ఇనప ముక్కల మీదే పడుతుంది. గాడిలో కూర్చున్న అర బరువును మాత్రం పక్కపలకే మోస్తుంది. పుస్తకాల బీరువాకు నేను ఇంకో పద్ధతి ఎంచుకోను.

చేతిపనిలో గాడి అంటే రంపంతో రెండు అంచులూ కోసి, నడుమ చెక్కను ఉలితో తీసి, అడుగు చదును చేసుకోవాలి. టేబుల్ సా అనే రంపం మిషన్‌కు డాడో సెట్ బిగిస్తే ఆ పనంతా పలకను ఒక్కసారి తోయడంతో అయిపోతుంది. సెట్‌లో రెండు చివరలా రెండు గుండ్రటి రంపాలు, వాటి మధ్య చిప్పర్లు ఉంటాయి. బయటి రంపాలు అంచుల దగ్గర పీచును తెంపుతాయి, చిప్పర్లు నడుమ చెక్కను తొలుస్తాయి. సాధారణంగా బయటి రంపం ఒక్కొక్కటీ 1/8 అంగుళం గాడి కోస్తుంది. రెండింటికీ కలిపి 1/4 అంగుళం. అంతకు మించి కావాలంటే చిప్పర్లు చేర్చుకోవడమే.

వాబుల్ అనే చవక రకం కూడా ఉంది. ఒకే రంపాన్ని ఇరుసు మీద ఏటవాలుగా బిగిస్తే అది అటూ ఇటూ ఊగుతూ వెడల్పుగా కోస్తుంది. గాడి అడుగు మాత్రం కాస్త వంపు తిరుగుతుంది, ముందు అంచున ఆ వంపు కంటికి కనబడుతుంది. డబ్బు మిగులుతుందని దాన్ని కొనమని నేను ఎవరికీ చెప్పలేను.

సెట్ కొనే ముందు చూడవలసింది మన మిషన్ ఇరుసు. యూరప్‌లో అమ్మే టేబుల్ సాల్లో చాలావాటి ఇరుసు పొట్టిది, ఈ సెట్ అందులో పట్టదు. అమెరికాలోనూ కొన్ని చిన్న మిషన్లు డాడోకు పనికిరావు. ఎంత వెడల్పు వరకు బిగించవచ్చో మిషన్ పుస్తకంలో రాసి ఉంటుంది. నట్టు మరలన్నీ పూర్తిగా పట్టకపోతే ఒక చిప్పర్ తగ్గించాల్సిందే. వేలు తగిలితే రంపాన్ని ఆపేసే సాస్టాప్ మిషన్‌కైతే డాడో కోసం వేరే బ్రేక్ కార్ట్రిడ్జ్ కొనాలి.

సెట్ రంపాల వ్యాసం 6 అంగుళాలదా, 8 అంగుళాలదా అని చాలామంది తర్జనభర్జన పడతారు. గాడి లోతు పలక మందంలో మూడో వంతు చాలు. 18 మి.మీ. పలకకు అది 6 మి.మీ. ఆ పనికి 6 అంగుళాల సెట్ ధారాళంగా సరిపోతుంది, చిన్న మోటారుకు బరువూ తగ్గుతుంది. సాస్టాప్‌లో మాత్రం 8 అంగుళాలదే వాడాలి.

అసలు కష్టం వెడల్పు దగ్గరే. నా మొదటి బీరువాకు 3/4 అంగుళం ప్లైవుడ్ అని తెచ్చుకుని, గాడులు సరిగ్గా 3/4 తీశాను. అంటే 19.05 మి.మీ. ఆ ప్లైవుడ్ అసలు మందం 23/32 అంగుళం, అంటే 18.26 మి.మీ. ఆ కాస్త తేడాకే అరలన్నీ గాడుల్లో కదిలాయి. అప్పటినుంచి పలకను కాలిపర్‌తో కొలవకుండా మిషన్ దగ్గరికి వెళ్ళలేదు. సన్నటి తేడాలను సరిచేయడానికి చిప్పర్ల మధ్య షిమ్‌లనే కాగితమంత పలచటి బిళ్ళలు పెడతారు. అవి ఇరుసు మరల్లోకి జారితే బిగింపు వంకర పోతుంది. అయస్కాంతం ఉన్న షిమ్‌లు రంపానికే అంటుకుని ఉంటాయి కాబట్టి వాటికి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

బిగించే ముందు ప్లగ్ తీసేయాలి. చిప్పర్ల పళ్ళు బయటి రంపాల పళ్ళకు తగలకుండా వాటి నడుమ ఖాళీల్లోకి రావాలి. డాడో పనికి మామూలు గార్డు, రంపం వెనకుండే కత్తి తీసేయక తప్పదు. కాబట్టి పలకను చేత్తో కాకుండా తోపుడు దిమ్మతో అదిమిపట్టి తోయాలి.

అదే ప్లైవుడ్ షీటులోంచి మిగిలిన ముక్క మీద ముందు ఒక గాడి తీసి చూడాలి. అర చేత్తో నొక్కితే దిగాలి, తలకిందులు చేస్తే జారిపోకూడదు. సుత్తి అవసరమైతే గాడి ఇరుకైనట్టే. జిగురు తడికి చెక్క ఉబ్బి అర సగంలోనే బిగుసుకుపోతుంది, అందుకే ముందే ఒక షిమ్ చేర్చి మళ్ళీ కోయాలి.