గుడుగుడి పాట

2009లో బెంగళూరు మల్లేశ్వరంలో ఓ మేడమీది గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ముగ్గురికీ కలిపి ఒక్కటే గిటారు. పాటలు మేమే రాసి మేమే పాడుకోవాలని పిచ్చి. 1966లో గంజాయి కేసులో పట్టుబడ్డ గాయకుడు డోనవన్ మా దేవుడు. అతని పాటల గుట్టు గిటారులో కన్నా మత్తులోనే ఎక్కువుందని మా గట్టి నమ్మకం.

ఓ శనివారం రాత్రి మిత్రుడొకడు గోరంత కాగితం ముక్కలు తెచ్చాడు. కుర్రకారు వాటిని ‘స్టాంపు’ అంటారు. ఎల్‌ఎస్‌డీ. తెల్లవార్లూ పాట కట్టి ల్యాప్‌టాప్‌లో రికార్డు చేశాం. “మామా, దీన్ని మించింది పుట్టదు” అన్నాడు గిటారు పట్టుకున్నవాడు.

మర్నాడు మధ్యాహ్నం చిత్రాన్నం తింటూ విన్నాం. పదకొండు నిమిషాలు. రెండే రెండు కార్డ్స్. నేను ‘ఆకాశం’ అనే మాటని వదలకుండా సాగదీస్తున్నాను. మూడో నిమిషంలోనే ఓ తీగ శ్రుతి తప్పింది. రాత్రి ఒక్కడి చెవికీ పట్టలేదు.

మత్తు ఏమీ ఇవ్వలేదని అనను. ఒక్క తీగ మోతలో ఎన్ని పొరలుంటాయో ఆ రాత్రే మొదటిసారి విన్నాను. వినడం వచ్చింది, ఎక్కడ ఆపాలో తెలియడం పోయింది. పాట కట్టేవాడికి ఆ రెండోది లేకపోతే కష్టం.

అప్పట్లో మా గదిలో రోజూ మోగేది రఘు దీక్షిత్ 2008 ఆల్బమ్‌లోని ‘గుడుగుడియ సేది నోడో’. గుడుగుడి అంటే హుక్కా. మాకొచ్చిన అరకొర కన్నడంతో అది మా జాతీయగీతమే అనుకున్నాం. ఓసారి సౌండు తగ్గించమని పైకొచ్చిన ఓనరు ఆంటీ గుమ్మంలోనే నిలబడిపోయింది. “షరీఫజ్జ పాట కదప్పా ఇది! పొగ తాగమని కాదు. మనసే సంచి, మోహమే అందులో ఆకు. దాన్ని కాల్చెయ్యమంటున్నాడు” అంది.

ఆంటీ చెప్పిన షరీఫజ్జ కన్నడ తత్వకవి శిశునాళ షరీఫ్. 1819లో పుట్టి 1889లో పోయాడు. గురువు గోవింద భట్టు, బ్రాహ్మణుడు. గాయకుడు సి. అశ్వత్థ్ గొంతులో ఆయన పాటలు ఇక్కడ ఇంటింటికీ చేరాయి. కోడి కోతిని మింగిందని పాట కట్టినవాడాయన! అలాంటి తలకిందుల మాట మనకూ కొత్త కాదు, తత్వాలు విన్న చెవులకి అలవాటే. స్టాంపు మింగి మేం చూసింది ఒట్టి రంగులే.

తత్వాలు పాడేవాళ్ల ఏకతార సంగతి చూడండి. ఒకే స్వరం, అదే పనిగా. దానిమీద మాట తిరుగుతూ ఉంటే కాసేపటికి వినేవాడికి కాలం తెలియదు. 1960ల మొదట్లో డేవీ గ్రాహం అనే ఇంగ్లండు గిటారిస్టు మొరాకో వెళ్లొచ్చి, తీగల్ని డి-ఏ-డి-జి-ఏ-డి అని సడలించింది ఇలాంటి మోత కోసమే. 1968లో రిషీకేశ్‌లో మా డోనవన్ దగ్గర జాన్ లెనన్ నేర్చుకున్నది కూడా గిటారు పనే, తీగల్ని వేళ్లతో విడివిడిగా మీటే పద్ధతి. వేళ్ల కొసలు కాయలు కాస్తే తప్ప అది పట్టుబడదు. నాకు రెండేళ్లు పట్టింది, బొటనవేలు ఇప్పటికీ తొందరపడుతుంది.

ఆ రికార్డింగు ఇంకా నా దగ్గరుంది. తొమ్మిదో నిమిషంలో, తెల్లారుతుండగా, కింద వీధిలో ఆకుకూరల ఆమె కేక వినిపిస్తుంది: “సొప్పూ... దంటు, మెంత్య...” సరిగ్గా షడ్జమంలో. మేం ముగ్గురం ఒక్క క్షణం ఆగాం. ఆ పదకొండు నిమిషాల్లో మేం సరైన చోట ఆగింది అక్కడొక్కటే.