లంఖణం కుందేలుకు పనికిరాదు

ఒంట్లో నలతగా ఉంటే ఒక పూట పస్తుండటం మనకు తరతరాలుగా అలవాటైన వైద్యం. లంఖణం పరమౌషధమని పెద్దలు ఊరికే అనలేదు. అజీర్తి చేసిన మనిషికి అది చాలాసార్లు పనిచేస్తుంది. ఎదిగిన కుక్కకు వాంతులవుతుంటే ఒక పూట తిండి ఆపి చూడమని వెటర్నరీ డాక్టర్లు చెప్పే సందర్భాలూ ఉన్నాయి. అదే ఇంట్లో పెరుగుతున్న కుందేలు మేత ముట్టకపోతే మాత్రం ఆ లెక్క తలకిందులవుతుంది. పది పన్నెండు గంటలు ఏమీ తినని కుందేలును డాక్టర్లు అత్యవసర కేసుగా చూస్తారు. ‘రేపు అదే తింటుందిలే’ అని మనం లైటార్పి పడుకునే ఆ రాత్రే దాని ప్రాణానికి గండం. ఆ ఇంటివాళ్లకు దాని మీద ప్రేమ లేక కాదు. తమ ఒంటికి సరిపడిన కొలతనే దాని ఒంటికీ పెట్టారు. పెంపుడు కుక్కలకు, కుందేళ్లకు వచ్చే మామూలు జబ్బుల్లో చాలావాటి మూలం ఈ అరువు కొలతలోనే ఉందని నా వాదన. తిండి, మందు, స్నానం, ఎండ, నొప్పి, ఏది తీసుకున్నా ఇదే వరస.

కుందేలు పేగు నిత్యం కదులుతూ ఉండాలి. దాన్ని కదిలించేది పీచు. చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట సీకమ్ అనే పెద్ద సంచి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి పోషకాలు తయారుచేస్తాయి. అవి మెత్తటి ముద్దలుగా బయటికి రాగానే కుందేలు నేరుగా నోటితో అందుకుని మళ్లీ తింటుంది. చూసేవాళ్లకు రోత పుట్టినా, బి విటమిన్లూ కొంత మాంసకృత్తులూ దానికి దక్కే దారి అదే, మాన్పించాలని చూడకూడదు. మేత ఆగితే పేగు మందగిస్తుంది, గ్యాస్ చేరి పొట్ట ఉబ్బుతుంది, ఆ నొప్పికి అది ఇంకా తినదు. తిండి అందని ఒళ్లు తన కొవ్వును వాడుకోబోతే ఆ కొవ్వు వెళ్లి కాలేయంలో పేరుకుంటుంది. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. అందుకే ఆపరేషన్‌కు ముందు కుక్కను పస్తుంచే డాక్టరే కుందేలును మాత్రం దాదాపు చివరిదాకా మేయనిస్తారు. పళ్ల సంగతి మరో చిక్కు. అవి జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లయితే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. గడ్డిని గంటల తరబడి నమిలితేనే అరుగుతాయి. లేకపోతే దవడ పళ్ల అంచులు మొనదేలి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. కార్టూన్లు చూసి కుందేలంటే క్యారెట్ అనుకున్నాం గానీ, ఆ దుంపలో చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. ఎప్పుడైనా చిన్న ముక్క పెట్టొచ్చు. మేతలో 80 శాతం దాకా గడ్డే ఉండాలి. పెల్లెట్లు కొలిచి కొద్దిగా వేయాలి. ‘మాది రెండేళ్లుగా క్యారెట్లే తింటోంది, బాగానే ఉంది కదా’ అనేవాళ్లుంటారు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం అంటే ఇదే. పళ్ల జబ్బు నెలల తరబడి లోలోపలే ముదిరి, నోట్లోంచి చొంగ కారేదాకా బయటపడకపోవచ్చు.

కుక్క విషయంలో మన కొలత ఇంకోలా దెబ్బతీస్తుంది. కడుపునిండా పెట్టడమే ప్రేమ అన్నది తెలుగింటి నమ్మకం. చుట్టానికి మారు వడ్డించకపోతే మర్యాద తక్కువ. ఆ మర్యాద కుక్క గిన్నెలోకీ దిగింది. 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక దీర్ఘకాల పరిశోధనలో 48 లాబ్రడార్లను ఎనిమిది వారాల వయసు నుంచి జతలుగా పెంచారు. ఒకే ఈతలో పుట్టిన రెండింటిలో ఒకదానికి, రెండోది తిన్నదాని కన్నా 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, ఎక్కువ తిన్న గుంపుది 11.2 ఏళ్లు. కీళ్ల జబ్బుకు వైద్యం అవసరమైన వయసు కూడా వెనక్కి జరిగింది. ఖరీదైన మందేదీ ఇవ్వలేనంత ఆయుష్షును గరిటెడు తగ్గించి వడ్డించడం ఇచ్చిందన్నమాట. ‘అది అంత దీనంగా చూస్తుంటే పెట్టకుండా ఎలా’ అంటారు. ఆ చూపును ఆకలికి సాక్ష్యంగా తీసుకోలేం. దాదాపు నాలుగోవంతు లాబ్రడార్లలో ‘పీఓఎంసీ’ అనే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు గుర్తించారు. ఆ లోపం ఉన్న కుక్కకు కడుపు నిండిన సంగతి మెదడుకు సరిగా అందదు. ఎంత తిన్నా తిండి మీదే ధ్యాస. కళ్లను కాదు, పక్కలను అడగాలి. అరచేతులు రెండు పక్కలా ఆనించి తేలిగ్గా నిమిరితే, గట్టిగా ఒత్తకుండానే పక్కటెముకలు వేళ్లకు తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి. ఈ రెండూ లేకపోతే అది బొద్దుగా ముద్దొస్తున్నట్టు కాదు, బరువు పెరిగినట్టు.

దీనికి పాత అభ్యంతరం ఒకటుంది: మన ఊళ్లలో కుక్కలు ఇంత పెరుగన్నం, మిగిలిన కూర తిని హాయిగా బతకలేదా? ఇందులో నిజం లేకపోలేదు. పిండిపదార్థాన్ని అరిగించే ఒక ముఖ్యమైన జన్యువుకు తోడేలులో రెండు నకళ్లే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మనిషి పంచన చేరిన కుక్క మనిషి పండించిన గింజనూ అరిగించుకోవడం నేర్చింది. కాబట్టి పెరుగన్నం నేరం కాదు. గుడ్డో మాంసమో లేకుండా ఉత్త అన్నంతోనే సరిపెట్టడం, మన కంచంలో మిగిలినదే దాని కూడనుకోవడం అసలు ఇబ్బంది. మన కూరల్లో ఉండే ఉల్లి, వెల్లుల్లి ఉడికినా సరే కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో కిస్‌మిస్ కొన్ని కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుంది. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ గుండెకు, షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లో ఉండే జైలిటాల్ రక్తంలో చక్కెరకు చేటు. ఉడికిన కోడి ఎముక వాడిగా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. ఇక వీధికుక్కల ఆరోగ్యం మాట. కోల్‌కతాలోని ఐసర్ పరిశోధకులు 364 వీధికుక్క పిల్లలను గమనించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఏడు నెలల వయసు లోపే 81 శాతం పోయాయి. ఎక్కువ చావులకు కారణం మనుషులే తప్ప తిండి కాదన్నది నిజమే. అయినా వీధిలో మనకు కనిపించే గట్టి కుక్క ఎన్నో పోగా మిగిలినది. దాన్ని చూపించి పద్ధతి మంచిదని తేల్చడం, బతికినవాళ్ల సాక్ష్యం మాత్రమే వినడం అవుతుంది.

మందుల దగ్గర అరువు కొలత మరీ ప్రమాదం. ముక్కు పొడిగా ఉంది, ఒళ్లు వెచ్చగా ఉంది, జ్వరమేమో అని మన డబ్బాలోంచే మాత్ర తీస్తాం. కుక్క మామూలు ఉష్ణోగ్రతే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. కుందేలుది ఇంకొంచెం ఎక్కువే. మన చేతికి అవి ఎప్పుడూ వెచ్చగానే తగులుతాయి. డాక్టరు చెప్పకుండా వేసిన పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని దెబ్బతీయగలదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు పెట్టి, మూత్రపిండాల దాకా వెళ్తాయి. సరే, మనిషి మందు వద్దు, కుక్క మందు కుందేలుకు వేద్దామా? అదీ కుదరదు. కుక్కకు సాధారణంగా రాసే అమాక్సిసిలిన్‌ను కుందేలు నోట్లో పోస్తే సీకమ్‌లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరిగి, విరేచనాలతో ప్రాణం పోవచ్చు. పిడుదులు పోవడానికి కుక్క మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు విషం. ఆఖరికి అన్ని కుక్కలకూ ఒకే కొలత లేదు. చాలా కుక్కలు తట్టుకునే ఐవర్‌మెక్టిన్, ఒక జన్యులోపం ఉన్న కోలీ జాతి కుక్కల మెదడును దెబ్బతీస్తుంది. పక్కింటి కుక్కకు రాసిన చీటీతో మన కుక్కకు మందు కొనడం ఎంత దుస్సాహసమో దీన్నిబట్టి తెలుస్తుంది.

శుభ్రత మీద కూడా మనది మనిషి ఆలోచనే. రోజూ తలంటితే పిడుదులు పోతాయనుకుంటాం. మన దగ్గర కుక్కలను పీడించే గోధుమరంగు పిడుదు రక్తం తాగి కిందికి రాలి, గోడ పగుళ్లలోనో గుమ్మం సందులోనో వేల గుడ్లు పెడుతుంది. కుక్కను ఎంత తోమినా ఇల్లు అలాగే ఉంటే అవి మళ్లీ ఎక్కుతాయి. అవి అంటించే ఎర్లీకియా, బబీసియా జ్వరాల్లో కుక్క నీరసించి, చిగుళ్లు పాలిపోయి, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం కారుతుంది. కాబట్టి పని స్నానాల గదిలో కన్నా కుక్క ఒంటి మడతల్లో ఎక్కువ: వేళ్ల సందులు, చెవి లోపలి అంచు, మెడపట్టీ కింద, తోక మొదలు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో గులాబీరంగుకు రావాలి. మన సబ్బు కుక్క చర్మాన్ని ఎండగడుతుంది. కుందేలుకైతే నీళ్ల స్నానమే వద్దు. భయంతో, చలితో అది కుప్పకూలగలదు. తన ఒళ్లు తాను నాక్కుని శుభ్రం చేసుకునే జంతువది.

మే నెల ఎండ సంగతి చూద్దాం. ఫ్యాను వేశాం కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. చెమట ఆరినప్పుడు ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి ఫ్యాను మనకు హాయి. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలో, అదీ కొద్దిగా. దానికి దిక్కు రొప్పడమే. 2003లో హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక మన నగరాల్లో ముద్దుగా ఇంటింటికీ చేరిన పగ్‌కు ఆ రొప్పడానికే దారి ఇరుకు: సన్నటి ముక్కురంధ్రాలు, గొంతుకు అడ్డుపడే పొడవాటి అంగిలి. అది గురక పెడుతుంటే నవ్వుకుంటాం గానీ, అది ఊపిరికి పడే పాటు. కుందేలుకు చెమటా లేదు, రొప్పడమూ సరిగా చేతకాదు. చెవుల్లోని రక్తనాళాల ద్వారానే వేడిని వదులుతుంది. దాని పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ నేలల్లో చల్లటి బొరియల్లో బతికినవి. 30 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దానికి కష్టం. 42 డిగ్రీల విజయవాడలో, రామగుండంలో రేకుల కింది బోను దానికి పొయ్యి. చెవులు తడిపి తుడవడం, నున్నటి గచ్చు మీద పడుకోనివ్వడం, గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టడం ఫ్యాను కన్నా మేలు.

ఇంత లెక్క చూస్తే ఇక మమకారానికి చోటెక్కడ, ప్రేమతో పెంచుకునేవాళ్లకు దాని బాధ తెలియదా అని అడగొచ్చు. తెలియదనే సమాధానం. వేటాడే జంతువులకు ఆహారమైన జాతి కుందేలు. నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన రక్షణ. అరవదు. ముడుచుకుని కూర్చుని కళ్లు సగం మూస్తుంది, పళ్లు గట్టిగా కొరుకుతుంది. 2012లో పరిశోధకులు కుందేలు నొప్పిని అంచనా వేయడానికి కళ్లు, బుగ్గలు, ముక్కు, మీసాలు, చెవుల తీరును బట్టి ఒక కొలమానమే తయారుచేయాల్సి వచ్చింది. ఇంట్లో అంత పరికరం అక్కర్లేదు, పొద్దున్నే ట్రే చూస్తే చాలు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు పెంటికలు గుండ్రంగా, పొడిగా, ఒకే సైజులో ఉంటాయి. చిదిమితే గడ్డి పీచు కనిపిస్తుంది. చిన్నవై, నల్లబడి, వెంట్రుకతో దండకట్టినట్టు వస్తే పేగు మందగిస్తోందని అర్థం. అసలేమీ లేకపోతే వెంటనే బయల్దేరాలి. మమకారం ఉన్నవాళ్లే ఆ ట్రే ముందు కూర్చోగలరు. ప్రేమకూ లెక్కకూ వైరం ఉందనుకోవడమే పొరపాటు.

చివరి అభ్యంతరం డబ్బు, దూరం. కుందేలును చూడటం తెలిసిన డాక్టరు ప్రతి ఊళ్లో లేడు. విదేశీ ఎండుగడ్డి ప్యాకెట్ల ధర సామాన్యుడికి అందదు. ఇది న్యాయమైన మాటే. అయితే మందు కొట్టని చోట కోసి కడిగిన గరిక కుందేలుకు చక్కటి మేత, దానికి ఖర్చు లేదు. వారానికోసారి వంటింటి త్రాసులో తూచితే తిండి తగ్గిన సంగతి ముందే తెలుస్తుంది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ వెటర్నరీ కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. కుక్కపిల్లకు పార్వో టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల దాకా వేయిస్తే అయ్యే ఖర్చు, ఆ జబ్బు వచ్చాక సెలైన్లకు అయ్యేదానిలో చిన్న భాగం. ‘ఒక సూది పడింది కదా’ అని ఆగిపోకూడదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపై డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించడం కుక్కతోపాటు ఇంటిల్లిపాదికీ రక్ష.

పుట్టినరోజు కానుకగా పిల్లల చేతిలో కుందేళ్ల జత పెట్టేవాళ్లు ఈ లెక్కలన్నీ ముందే వేసుకోవాలి. కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఈనడానికి సుమారు 31 రోజులు చాలు, ఈనిన వెంటనే మళ్లీ చూలు కట్టగలదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడ కుందేలుకు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. చెవులు పట్టి ఎత్తితే, అది విదిలించుకునే విసురుకు దాని వెన్నే విరగొచ్చు. ఇవి కష్టమైన విషయాలు కావు, నేర్చుకోదగినవే. నేర్చుకున్నాక కూడా రోజూ గడ్డి తేలేం, ఎండాకాలం ఇంట్లో చల్లటి మూల లేదు, చూసే డాక్టరు అందుబాటులో లేడు అని తేలితే, కుందేలును తెచ్చుకోకపోవడమే మనం దానికి చేయగల మేలు.